స్టార్టరు బోర్డుకు ఏ కాంపౌండు మేలు?

బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు వచ్చాక కరెంటు కోసం అర్ధరాత్రి చేనుకు పరుగెత్తే బాధ రైతుకు చాలావరకు తప్పింది. అయితే డబ్బాలోని అరచేయంత సర్క్యూటు బోర్డు చెడిందంటే కథ మొదటికి వస్తుంది. ఒక ఫేజు పోయినా బోర్డు పసిగట్టదు. మోటారు మిగతా రెండు ఫేజుల మీదే మూలుగుతూ కాలిపోతుంది. వైండింగు ఖర్చు ఒక ఎత్తు, అది అయ్యేదాకా పైరు వాడటం మరో ఎత్తు.

బోర్డుకు శత్రువులు తేమ, దుమ్ము, చీమలు, బల్లులు. వీటి బెడద లేకుండా బోర్డు మీద చిక్కటి ద్రవం పోసి గడ్డకట్టిస్తారు. ఇదే పాటింగు కాంపౌండు. (ప్రహరీ గోడ అనుకునేరు!) ‘నల్ల మందు పోయించాను, ఇక భయం లేదు’ అనుకునే రైతులే గాని, పోసింది ఏ రకమని అడిగేవారు తక్కువ.

వీటిలో ఎపాక్సీ ఒకటి. ఇళ్లలో వాడే ఎంసీల్, అరల్డైటు ఈ జాతివే. రెండు పదార్థాలు కలిపితే రాయిలా గట్టిపడుతుంది, నీటిని బాగా ఆపుతుంది. చిక్కల్లా మన ఎండలతోనే. ఇనుప డబ్బా పగలంతా కాగి రాత్రికి చల్లారుతుంది. పూరకం కలపని ఎపాక్సీ వేడికి రాగికన్నా సుమారు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. రోజూ ఇలా ఉబ్బి ముడుచుకుంటుంటే టంకం అతుకులు చిట్లుతాయి. పైగా, లోపల చిన్న కెపాసిటరు పోయినా బోర్డు మొత్తం పారవేయవలసిందే.

పాలీయురెథేన్ రబ్బరులా సాగుతుంది, సిలికోన్ కన్నా చౌక. కాని కలిపేటప్పుడు గాలిలో చెమ్మ తగిలితే బుడగలు పడతాయి. ముసురు రోజుల్లో పోయించకపోవడం మంచిది. గట్టిపడకముందు దాని ఆవిరి ఊపిరితిత్తులకు హాని. గాలి ఆడేచోట, చేతులకు తొడుగులు వేసుకొని పని చేయాలి.

సిలికోన్ సుమారు 200 డిగ్రీల వేడికీ తట్టుకుంటుంది. మెత్తగా ఉంటుంది గనుక కత్తితో కోసి, చెడిన భాగం మార్చి, మళ్లీ పోయవచ్చు. ధరే ఎక్కువ. అద్దాలు అతికించే సిలికోన్ ట్యూబు చవగ్గా వస్తుందని దాన్ని పూయడం మాత్రం తగదు. అందులో వెనిగరు వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది. రాగి గీతలకు చిలుము పడుతుంది.

ఎండలో ఉండే స్టార్టరు డబ్బాకు మెత్తటి రకాలే నయం. ఎప్పుడూ నీటిలోనే ఉండే చిన్న సెన్సారుకైతే ఎపాక్సీ చాలు, అక్కడ వేడి హెచ్చుతగ్గులు తక్కువ.

ఏది పోసినా ముందు బోర్డును శుభ్రం చేసి, పూర్తిగా ఆరబెట్టి, ఒకసారి నడిపి చూడాలి. తడి మీద పోస్తే ఆ తడి లోపలే బందీ అయి తుప్పు పట్టిస్తుంది. ఫ్యూజు, తిప్పే బిరడాలు, మూతలేని రిలేలు మునగకూడదు. రెండు పదార్థాలను డబ్బా మీద రాసిన పాళ్లలోనే తూచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. డబ్బా మీద చెప్పిన గడువు దాటాక గోరుతో నొక్కి చూడండి. ఇంకా జిగురు అంటుతుంటే పాళ్లు తప్పినట్లే. ఆ బోర్డును బిగించనివ్వకండి.