బంతి వెంట పద్దుల పుస్తకము

హైదరాబాదు నుండి పడమరగా బీజాపూరు బాట పట్టి పోవు వారికి, మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు సాగినకొలది ఇరుప్రక్కల మఱ్ఱి చెట్లు గొడుగు పట్టును. ఆ బాటను వెడల్పు చేయ తలపెట్టినపుడు వృక్షప్రేమికులు విచారించి ఊరకుండలేదు. ఒక్కొక్క చెట్టునే లెక్కించి, అది నిలిచిన చోటును గుర్తించిరి. దాదాపు 900 మఱ్ఱులున్నవని తేలినది. “చాల చెట్లున్నవి” అన్న మాట గాలికి పోవును. లెక్క కట్టి చెప్పిన మాట విచారణకు నిలుచును.

ఆ బాటకు చేరువనే చిలుకూరు బాలాజీ ఆలయము. కోరిక కోరునపుడు 11, అది తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుట అక్కడి ఆచారము. భక్తులు చేత చీటీ పట్టుకొని, తిరిగిన ప్రతి మారును దానిపై గుర్తు పెట్టుకొందురు. ఆ గుర్తులే భక్తి యని ఎవరును అనరు. ఐనను మనస్సు ఎక్కడికో పోయినపుడు లెక్క తప్పకుండ కాపాడునది ఆ చీటీయే.

ఈ మొయినాబాదు మండలమునందే, అజీజ్‌నగర్‌లో, దక్కన్ ఎరీనా అను ఫుట్‌బాల్ మైదానము కలదు. అది శ్రీనిధి దక్కన్ అను వృత్తి క్లబ్బుకు నెలవు. ఆ క్లబ్బు 2021-22లో ఐ-లీగ్‌లో ప్రవేశించి, 2022-23లోను 2023-24లోను రెండవ స్థానము నందుకొన్నది. మైదానపు గట్టున కూర్చున్న మనము బంతిని చూతుము. గోలు పడినదా లేదా అని చూతుము. నేడు వృత్తి ఫుట్‌బాల్‌లో దీనికి తోడుగా మఱియొక చూపు వచ్చినది. ఐరోపాలోని పెద్ద క్లబ్బులలో శిక్షకునికి, వైద్యునికి తోడు గణాంకములను పరిశీలించు ప్రత్యేక శాఖ ఒకటి వెలసినది. దాని కథ ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది. ఏలనన అందు లెక్కను ఎంతవరకు నమ్మవలెనను పాఠ మున్నది.

ఆ కథకు ఆద్యుడు ఛార్లెస్ రీప్. ఇంగ్లండు వైమానిక దళములో పద్దులు వ్రాయు అధికారి. 1950 మార్చి 18న స్విండన్ పట్టణమున ఒక ఆట చూచుచు, మొదటి సగములో దాడులన్నియు వ్యర్థమగుటకు విసిగి, రెండవ సగము మొదలు కాగానే పెన్సిలు తీసి ప్రతి దాడిని గుర్తులతో వ్రాయసాగెను. ఆ అలవాటు దశాబ్దముల పాటు సాగినది. 1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి ఆయన ప్రకటించిన వ్యాసము అక్కడి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వెలువడెను. గోల్స్‌లో అధిక భాగము మూడు, లేక అంతకు తక్కువ పాస్‌లతోనే పడుచున్నవని రీప్ లెక్క చూపినది. కాబట్టి పాస్‌లు పెంచుట వృథా, బంతిని దూరముగా ముందుకు తన్నుటే మేలని ఆయన తేల్చెను. ఇంగ్లండులో కొందరు శిక్షకులు ఆ దారినే పట్టిరి.

లెక్కలో తప్పు లేదు. తప్పు నిర్ణయములో నున్నది. ఒక పాఠశాలలో నూరుగురు పిల్లలున్నారనుకొందము. 90 మంది నడిచి వత్తురు, 10 మంది సైకిలు పై వత్తురు. మొదటి తరగతి మార్కులు వచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది నడిచి వచ్చువారే. ఐన మాత్రాన నడక వలన మార్కులు వచ్చుననవచ్చునా? నడిచి వచ్చు వారిలో నూటికి సుమారు తొమ్మిదిమంది, సైకిలు వారిలో నూటికి ఇరువదిమంది చొప్పున నెగ్గిరి! రీప్ విషయమును ఇట్టిదే. ఆటలో అత్యధిక దాడులు ఎట్లును మూడు పాస్‌లలోపే ముగియును. కాబట్టి గోల్స్‌ను అక్కడనే ఎక్కువగా కనిపించును. నేర్పరులైన జట్లలో పాస్‌లు ఎక్కువైన దాడులకే ఫల మధికమని తరువాతి పరిశోధకులు చూపిరి.

పద్దు మాత్రము ఆగలేదు. 1970 దశకమున కీవ్ నగరములో లొబనోవ్‌స్కీ అను శిక్షకుడు జెలెంత్సోవ్ అను శాస్త్రజ్ఞుని తోడు చేసికొని డైనమో జట్టును తీర్చెను. ఆ జట్టు 1975లో ఐరోపా కప్ విన్నర్స్ కప్పు గెలిచెను. 1996లో ఇంగ్లండున ఆప్టా అను సంస్థ వెలసి, ఆటలోని ప్రతి తాకుడును నమోదు చేయు వృత్తిని పెంచినది. పిమ్మట “ఆశింపదగిన గోల్స్” అను కొలత వచ్చినది. బంతిని తన్నిన చోటు, కోణము మొదలైనవి చూచి, అట్టి అవకాశములు వెనుక ఎన్నిమార్లు గోలైనవో లెక్కించి, ప్రతి తన్నుకును విలువ కట్టుదురు. పెనాల్టీ తన్ను నాలుగింట ఇంచుమించు మూడు మార్లు గోలగును. దూరము నుండి తన్నినది నూటికి కొన్ని మాత్రమే. అదృష్టము చేత గెలిచిన జట్టును, బాగుగ ఆడియు ఓడిన జట్టును వేరు చేయుటకు ఈ కొలత తోడ్పడును.

లివర్‌పూల్ క్లబ్బు 2012లో భౌతికశాస్త్రమున డాక్టరేటు పొందిన ఇయన్ గ్రాహమ్‌ను రప్పించి పరిశోధన శాఖను నెలకొల్పినది. 2019లో ఐరోపా విజేత, 2020లో ఇంగ్లండు విజేత యైనది. చిన్న క్లబ్బైన బ్రెంట్‌ఫర్డ్, పెద్దవారు విలువ కట్టలేని ఆటగాండ్రను లెక్కల వలన కనుగొని, 74 ఏండ్ల పిమ్మట 2021లో అగ్రశ్రేణికి తిరిగి చేరినది. ధనము లేనివానికి లెక్క కన్నుగా పనిచేసినది.

ఇక మన కథకు వత్తము. ఎస్. ఎ. రహీం హైదరాబాదులో పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానమున నిలిచినది. అక్కడ ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసెనని మన మెరుగుదుము. కాని ఆ మూడింటికి ముందు బంతి ఎన్ని కాళ్లు దాటి వచ్చినది? గోలు చేయక గోలుకు దారి తీసినవా రెవరు? దానిని వ్రాసి పెట్టిన పద్దు మనకు లేదు. 1963లో రహీం కన్నుమూసెను. ఆయన కన్ను చూచినదానిలో ఎంతయో ఆయనతోనే పోయినది.

నష్టము గడచిన దానితో తీరలేదు. చేవెళ్ల ప్రాంతపు ఏ బడి మైదానముననో, గోల్ చేయనిదైనను, ప్రతి మారును ఖాళీ చోటికి పరుగెత్తి తోటివారికి దారి చేయు బాలిక యుండవచ్చును. బహుమతి దినమున ఆమె పేరు వినరాదు. గోల్ చేసినవారి పేర్లే వినవచ్చును. ఆమెను కనుగొనుటకు కంప్యూటరు అక్కరలేదు. గట్టున ఇద్దరు విద్యార్థులను నోటు పుస్తకముతో కూర్చుండబెట్టిన చాలును; ఎవరు ఎన్నిమార్లు బంతిని తోటివారికి చక్కగా చేర్చిరో, ఎన్నిమార్లు పోగొట్టిరో గీతలు పెట్టుదురు. ఆ పుటను తరగతిలో తెరచి, అది ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పుటలేదు అని అడుగవలెను. రెండవ ప్రశ్నను మరచిన రీప్ దారి తప్పెను. మార్కుల పట్టికను చేతబట్టినపుడు మనము సైతము ఆ ప్రశ్నను మరువరాదు.