స్కిజోఫ్రీనియా మూలాలను వెదకిన జన్యు పరిశోధన

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి కొన్ని కుటుంబాలలో తరచుగా కనిపిస్తుందని వైద్యులకు చాలాకాలంగా తెలిసినా, దాని వెనుకనున్న జీవప్రక్రియ ఏమిటో స్పష్టపడలేదు. భ్రమలు కలిగించడంతో పాటు జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను, ఆలోచనా క్రమాన్ని కూడా దెబ్బతీసే ఈ వ్యాధిపై హార్వర్డ్ వైద్య కళాశాల, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లకు చెందిన స్టీవెన్ మెకారొల్ బృందం 2016లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఒక ముఖ్యమైన ఆధారాన్ని అందించింది.

దాదాపు 65 వేలమంది జన్యు సమాచారాన్ని, మరణానంతరం సేకరించిన సుమారు 700 మెదడు నమూనాలను పరిశీలించిన ఈ బృందం, ఆరవ క్రోమోజోముపై ఉంటూ మనిషి మనిషికీ నిర్మాణంలో మారే సి4 అనే జన్యువులో, సి4ఎ రూపపు చురుకుదనాన్ని పెంచే మార్పులు ఉన్నవారికి వ్యాధి ముప్పు ఎక్కువని తేల్చింది. సూక్ష్మజీవులకు గుర్తుపెట్టి వాటి నిర్మూలనకు తోడ్పడే ప్రొటీన్ ఈ జన్యువు ద్వారానే తయారవుతుంది. నాడీకణాలు పరస్పరం సంకేతాలు పంపుకొనే కూడళ్లను సినాప్సులు అంటారు. వాటిలో కొన్నింటిని తొలగించడంలోనూ సి4 పాల్గొంటుందని బెత్ స్టీవెన్స్ బృందంతో కలిసి ఎలుకలపై జరిపిన ప్రయోగాలు చూపాయి. తోటమాలి కొమ్మలు కత్తిరించినట్లు కౌమారంలో సహజంగా సాగే ఈ తొలగింపు మితిమీరడం వల్లనే వ్యాధి లక్షణాలు యౌవనారంభంలో బయటపడుతుండవచ్చని శాస్త్రజ్ఞుల ఊహ.

అయితే 2022 నాటి అంతర్జాతీయ అధ్యయనం ఈ వ్యాధితో సంబంధమున్న 287 జన్యు స్థానాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పమే కనుక, ఒక జన్యువును పరీక్షించి వ్యాధి వస్తుందో రాదో చెప్పడం సాధ్యం కాదు. వ్యాధిని శాపమనో పెంపకపు లోపమనో భావించి రోగినీ తల్లిదండ్రులనూ నిందించడం మాని, లక్షణాలు కనిపించగానే మానసిక వైద్యుణ్ణి సంప్రదించడమే సరైన మార్గం.