ఈల వేసిన కృష్ణుడు

ఇంట్లో మగపిల్లాడు ఈల వేశాడనుకోండి, మనం ఊరుకుంటామా? "సందెవేళ ఆ ఈలలేంట్రా, పాములొస్తాయి" అని ఒక్క కసురు కసురుతాం. ఇక ఆడపిల్ల వేసిందంటే చెప్పనే అక్కర్లేదు, ముందు నాయనమ్మ నోరు లేస్తుంది. మన లెక్కలో ఈల అంటే నేలటిక్కెట్టు వాళ్ళది, వీధి చివర అరుగు మీద కూర్చునే పోకిరీలది. అలాంటి ఈలని సాక్షాత్తూ కృష్ణుడి వేషంలో, నిండు సభలో, నోట్లో వేలు పెట్టుకుని మరీ వేసి, మన అమ్మమ్మల చేత, అత్తయ్యల చేత రెండు చేతులూ జోడింపజేసుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఎక్కడో కాదు, మన గుంటూరు సీమలోనే, సుద్దపల్లిలో 1901లో పుట్టాడు. ఆయనే ఈలపాట రఘురామయ్య.

ఈ తరం పిల్లల్ని అడిగితే ఆ పేరే తెలియదంటారు. వాళ్ళదేం తప్పు లెండి, మనమే చెప్పలేదు. ఆయన అసలు పేరు కళ్యాణం వెంకట సుబ్బయ్య. కుర్రతనంలో రఘురాముడి వేషం కట్టి మెప్పిస్తే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మెచ్చుకుని రఘురామయ్య అని పేరు పెట్టారట. పంతులుగారంటే ఎవరో కాదండీ, మనం తలనొప్పి వస్తే రాసుకునే అమృతాంజనం తయారుచేసిన ఆయన, ఆంధ్రపత్రిక పెట్టిన ఆయన. ఆయన పెట్టిన పేరే నిలిచింది. ఇంటిపేరు మాత్రం జనం మార్చేశారు. కళ్యాణం పోయి ఈలపాట వచ్చి కూర్చుంది. ఇంటిపేరు స్థానంలో ఈల ఉన్న మనిషి తెలుగుదేశంలో ఇంకొకరుంటారని నేననుకోను.

మా నూజెండ్ల వైపు పెద్దవాళ్ళని కదిలిస్తే ఇప్పటికీ ఆయన గురించి గంటలకొద్దీ చెబుతారు. పల్నాటి పల్లెల్లో తిరునాళ్ళంటే నాటకం ఉండాల్సిందే. వినుకొండలో అయినా, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గరయినా, రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారగట్ల మంగళం పాడేదాకా కదిలేవాళ్ళు కాదు. ఆడవాళ్ళకి ఆ రాత్రి ఎంత పనో ఆలోచించండి. పొద్దుగూకకముందే వంట ముగించాలి, గొడ్లకి మేత వెయ్యాలి, పాలు తోడెయ్యాలి, పులిహోర మూట కట్టుకోవాలి, పిల్లల్ని చంకనేసుకోవాలి. సందె చీకటి పడకుండానే ఎవరో ఒకరు వెళ్ళి ముందు వరసలో చాప పరిచి చోటు పట్టాలి. మర్నాడు మిరపచేలో కూలికి వెళ్ళేవాళ్ళు కూడా నిద్ర మానుకుని కూర్చునేవాళ్ళు. ఇంత తాపత్రయం దేనికంటే ఒక్క పద్యం కోసం, ఆ పద్యం చివర వచ్చే ఒక్క ఈల కోసం.

పద్యనాటకం చూడని వాళ్ళ కోసం ఒక మాట. అందులో కథ ఎవరికీ కొత్త కాదు. కృష్ణుడు రాయబారానికి వెళతాడనీ, సంధి కుదరదనీ చంటిపిల్లకి కూడా తెలుసు. జనం వచ్చేది ఎవరు ఎలా పాడతారో వినడానికి. నటుడు పద్యం ఎత్తుకుంటాడు, పక్కన హార్మోనియం అందుకుంటుంది, చివర్లో రాగం సాగుతుంది. నచ్చితే "వన్స్ మోర్" అని కేక. అప్పుడు యుద్ధం ఆగిపోతుంది, ద్రౌపది కన్నీళ్ళు ఆగిపోతాయి, అయ్యగారు మళ్ళీ మొదటినుంచీ అదే పద్యం పాడతారు. ఒకే నాటకంలో ఇద్దరేసి కృష్ణులుంటారు, పడక సీనుకి ఒకరు, రాయబారం సీనుకి ఒకరు. ఇదేం వింత అని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మనవాళ్ళకి అందులో వింతేమీ లేదు. పెళ్ళిలో రెండు రకాల పప్పు వడ్డిస్తే కాదంటామా?

అభిమానుల పోట్లాటలు కూడా ఉండేవి సుమండీ. షణ్ముఖి ఆంజనేయరాజుగారి గొంతు తీపి అని ఒకరు, పీసపాటి నరసింహమూర్తిగారిలా రాగం తగ్గించి మాట విడమరిచి చెప్పేవాళ్ళే లేరని ఒకరు. నన్నడిగితే పీసపాటివారి పద్ధతే న్యాయమైనది, అర్థం తెలుస్తుంది. కానీ ప్రేమ వేరు, న్యాయం వేరు కదా. రఘురామయ్యగారి వైపు వాళ్ళు వాదించేవాళ్ళు కాదు. "మీ ఆయన ఈల వేస్తాడా?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకునేవాళ్ళు.

ఆ ఈల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈల వేసేటప్పుడు గొంతుతో పనిలేదు. సన్నటి సందులోంచి గాలి బయటికి పోతుంటే శబ్దం పుడుతుంది. నోట్లో నాలుక ముందుకీ వెనక్కీ జరుపుతుంటే స్వరం పైకీ కిందికీ పోతుంది. పిల్లనగ్రోవికైతే చిల్లులున్నాయి, ఏ స్వరం ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. నోటికి చిల్లులేవి? అంతా అంచనా మీద పోవలసిందే. ఆ అంచనాతో ఒక రాగం ఒలికించడం, గమకాలు పలికించడం ఎంత కష్టమో సంగీతం నేర్చుకున్న అక్కయ్యలకి నేను చెప్పాలా? ఇంకొకటి, ఈల శబ్దం బాగా సన్నగా, పై స్థాయిలో ఉంటుంది కాబట్టి జనం గోలలో కూడా కలిసిపోదు. పెట్రోమాక్సు లైట్ల రోజుల్లో ఆఖరి బండి మీద కూర్చున్న ముసలమ్మకి మాటలు అందకపోయినా ఈల అందేది.

అసలు కిటుకు మాత్రం వేరే ఉంది. ఈలలో మాటలు పలకవు. నోట్లో వేలు ఉన్నాక అక్షరం ఎలా వస్తుంది? ఆయన ఈలలో పద్యం వినిపించాడంటే, అందులో మాటలన్నీ వింటున్నవాళ్ళు తమలో తామే నింపుకున్నారన్నమాట. సగం పాట ఆయనది, సగం చాప మీద కూర్చున్న ఆడవాళ్ళది. తిరుపతి వెంకటకవుల పద్యాలు ముందే నోటికి వచ్చి ఉంటే తప్ప ఆ ఈల ఉత్త ఈలే. మా అత్తగారు బడి మొహం చూడలేదు, వేలిముద్ర వేసేవారు. అయినా రాయబారం పద్యాలు రోట్లో పచ్చడి నూరుతూ తప్పు లేకుండా చదివేవారు. మనం ఇంటర్ దాకా చదివాం, ఒక్క పద్యం చివరిదాకా వస్తుందా చెప్పండి?

ఈల మన దగ్గరే లోకువ గానీ, లోకమంతా అలా లేదు. స్పెయిన్ దేశానికి చెందిన లా గొమేరా అనే దీవిలో కొండలకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఈలతోనే మాట్లాడుకుంటారు. ఆ ఈలభాషని 2009లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. అక్కడ బళ్ళో పిల్లలకి నేర్పుతారు కూడా. అంతదూరం ఎందుకు, మన దేశంలోనే మేఘాలయలో కాంగ్‌థాంగ్ అని ఒక ఊరుంది. అక్కడ బిడ్డ పుట్టగానే తల్లి ఆ బిడ్డ కోసం ఒక రాగం కడుతుంది. అది ఇంకెవరికీ పెట్టరు. ఇంట్లో పిలవడానికి పొట్టి రాగం, అడవిలో దూరం నుంచి పిలవడానికి అదే పొడుగ్గా. తల్లి నోట పుట్టిన కూతే బిడ్డ పేరు! మన "పాములొస్తాయి" సంగతి వాళ్ళకి చెబితే ఏమంటారో.

సినిమాల్లోకి కూడా రఘురామయ్యగారు తొలిరోజుల్లోనే, 1933లో 'పృథ్వీపుత్ర'తో వెళ్ళారు. కృష్ణవేణిగారి పక్కన 1947లో 'గొల్లభామ'లో కథానాయకుడు కూడా ఆయనే. అంజలీదేవిగారు పేరు తెచ్చుకున్న సినిమా అది. కానీ తెరమీద ఆయనకి రావలసిన పేరు రాలేదనే నా అభిప్రాయం. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. 1957లో 'మాయాబజార్' వచ్చింది. రామారావుగారు కిరీటం పెట్టుకుని నవ్వారు. అప్పటినుంచీ తెలుగువాళ్ళ కృష్ణుడికి ఆ ముఖమే. క్యాలెండర్లో దేవుడు కూడా ఆయనలాగే తయారయ్యాడు. అందం ముందు ఈల ఏం నిలుస్తుంది? సినిమా ఏ ఊళ్ళో ఎన్నిసార్లు ఆడినా ఒక్కలాగే ఉంటుంది. నాటకం తెల్లారితే అయిపోతుంది. రఘురామయ్యగారు మాత్రం వేషం విప్పలేదు. ముసలితనం వచ్చినా కృష్ణుడే. పైగా చిన్నప్పుడు ఆడవేషాలు కూడా కట్టిన మనిషి. అడుగులో ఆ వయ్యారం పోలేదని చెప్పుకునేవాళ్ళు. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు 1973లో వచ్చింది, పద్మశ్రీ 1975లో. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో కన్నుమూశారు.

నాకు బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. నాటకాల్లో పద్యం నచ్చితే చదివింపులుండేవి. డబ్బు పంపితే "ఫలానా వారు పది రూపాయలు" అని మైకులో చదివేవాళ్ళు. ఆ చదివిన పేర్లన్నీ ఇంటి యజమానులవే. చెంగు ముడి విప్పి ఆ పది రూపాయలు తీసిచ్చిన ఇల్లాలి పేరు ఏ మైకులోనూ వినపడలేదు. సినిమా హీరోలకి అభిమాన సంఘాలున్నాయి, కటౌట్లున్నాయి, పాలాభిషేకాలున్నాయి. రఘురామయ్యగారిని అంతగా ప్రేమించిన ఆడవాళ్ళు ఎంతమంది అంటే ఏ పుస్తకంలోనూ లెక్క లేదు. వాళ్ళ జ్ఞాపకమే రికార్డు. ఆయనని కళ్ళారా చూసినవాళ్ళకి ఇప్పుడు అరవై దాటి ఉండాలి. మా ఇంటి రికార్డు మూడేళ్ళ కిందట, మా అత్తగారితోపాటే పోయింది.

మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఈ ఆదివారమే పని పెట్టుకోండి. "పద్యం పాడండి" అని ఎదురుగా కూర్చుంటే పాడరు, సిగ్గుపడతారు. చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చోబెట్టి, మీరే ఒక పద్యం తప్పుగా ఎత్తుకోండి. దిద్దకుండా ఉండలేరు! సెల్‌ఫోను పక్కన పెట్టి రికార్డు చేసుకోండి. ఏ ఊళ్ళో చూశారు, ఎవరితో వెళ్ళారు, ఏ చీర కట్టుకున్నారు, అన్నీ అడగండి.

అటక మీద పాత గ్రామఫోను ప్లేట్లున్నాయేమో కూడా చూడండి. తూకానికి వెయ్యకండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్ల ప్లేట్లు లక్కతో చేసినవి, మన లక్కగాజుల లక్కే. ఒక్కో వైపు మూడు నిమిషాల పాటే పడుతుంది. అంత రాగం తీసే మనుషులు ఆ మూడు నిమిషాల్లో ఎలా ఇమిడారో పాపం. ఒకదానిమీద ఒకటి దొంతర పెడితే విరుగుతాయి, పుస్తకాల్లా నిలబెట్టండి. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. స్పిరిటు మాత్రం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది. ఎండలోనూ పెట్టకండి.

క్యాసెట్లయితే టీవీ మీద, స్పీకర్ల పక్కన ఉంచకూడదు. లోపల ఉన్న అయస్కాంతానికి శబ్దం చెడిపోతుంది. టేపు మీద తెల్లగా బూజు కనపడితే వెంటనే ప్లేయర్లో వెయ్యకండి, ఆ బూజు మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. మందుసీసాల్లో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న తేమ పొట్లాలు పారేయకుండా క్యాసెట్ల డబ్బాలో వేసి ఉంచితే వానాకాలం గండం గడుస్తుంది. బాగున్న వాటిని ఏడాదికొకసారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిప్పి పెట్టండి. టౌనులో కంప్యూటరు తెలిసిన కుర్రాళ్ళుంటే ఒక తీగ తగిలించి ఫోనులోకి ఎక్కించి ఇస్తారు.

ఎక్కించాక ఒకసారి వంటింట్లో పెట్టి వినండి. మొదట గరగరలాడుతుంది. తర్వాత హార్మోనియం, తర్వాత పద్యం. పద్యం అయిపోయిందనుకుని మీరు కూర కలపడానికి లేచినప్పుడు మొదలవుతుంది ఈల. అప్పుడు మీ వెనకాల మంచం మీద పడుకున్న పెద్దావిడ పెదవుల వంక చూడండి, మాటలన్నీ అక్కడుంటాయి.