మోటారు కారు రంగు: పైమెరుగు, లోపని

"పైన పటారం, లోన లొటారం" అన్నది మన పెద్దల సామెత. మనుష్యుల నడవడిని ఉద్దేశించి పుట్టిన ఈ మాట మోటారు కారు రంగుకు అక్షరాలా వర్తిస్తుంది. తళతళ మెరిసే కారును చూచి ముచ్చటపడతామే గాని, ఆ మెరుపు క్రింద ఏమున్నదో మనలో ఆలోచించేవారు తక్కువ.

నేడు మన ప్రాంతంలో ఈ విషయం అందరూ తెలుసుకొనదగినది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద, 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన, 536 ఎకరాలలో కియా కార్ల కర్మాగారం వెలసినది. 2017 ఏప్రిల్ 27న రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరినది. 2019 జనవరి 29న ప్రయోగాత్మకంగా తయారైన తొలి కారు బయటికి వచ్చినది. అదే సంవత్సరం ఆగస్టు 8న సెల్టోస్ కార్ల ఉత్పత్తి మొదలై, డిసెంబరు 5న కర్మాగారానికి ప్రారంభోత్సవం జరిగినది. 2023 జూలై నాటికి అక్కడ తయారైన కార్ల సంఖ్య పది లక్షలకు చేరినది. వేరుశనగ పండే మెట్టభూముల నడుమ ఇది సామాన్యమైన మార్పు కాదు.

ఒకవైపు ఆ మహా కర్మాగారం; మరొకవైపు హిందూపురం, ధర్మవరం రోడ్ల ప్రక్కన రేకుల షెడ్లలో టింకరింగు, పెయింటింగు చేసుకొని బ్రతికే కారీగర్లు. రెండు చోట్లా కారుకు రంగు వేస్తారు. అయితే మంచి రంగు అనగా ఏమిటి? ఒక కారు రంగు పదేళ్ళు నిలిచి, మరొక కారు రంగు రెండు వానాకాలాలకే పొక్కులెత్తుటకు కారణమేమి? ఈ వ్యాసంలో ఆ సంగతి వివరింప ప్రయత్నిస్తాను.

కర్మాగారంలో రంగు

కార్ల కర్మాగారాలలో రంగు వేసే పద్ధతి ప్రపంచమంతటా ఇంచుమించు ఒక్కటే. మొదట ఉక్కు రేకు మీది నూనెను, మురికిని కడిగివేస్తారు. తరువాత ఫాస్ఫేటు ద్రావణంతో రేకుపై సన్నని స్ఫటికాల పొరను ఏర్పరుస్తారు. ఈ పొర రంగుకు పట్టునిచ్చి, తుప్పును అడ్డుకొంటుంది. అటుపిమ్మట కారు దేహాన్ని మొత్తంగా ప్రైమరు తొట్టిలో ముంచి విద్యుత్తును ప్రసరింపజేస్తారు. విద్యుదాకర్షణ వలన ప్రైమరు చేయి దూరని మూలలకు సైతం చేరి అంటుకొంటుంది. దానిని సుమారు 160 నుండి 180 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరుస్తారు. ఆపైన అతుకులకు సీలంటు, చాలాచోట్ల మరొక ప్రైమరు పొర, తరువాత రంగు పొర, చివరకు గాజువలె పారదర్శకమైన క్లియరు పొర వేస్తారు.

ఇన్ని పొరలు కలిసినా మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రెండు వెంట్రుకల మందమున్న ఈ తొడుగే కారును ఎండవానల నుండి కాపాడుతున్నది!

పూర్వం పరిస్థితి వేరు. కుంచెతో వార్నిషు పూసిన రోజులలో ఒక కారు రంగు ఆరుటకు వారాలు పట్టేది. ఫోర్డు కంపెనీ తన మోడల్ టి కారును 1914 నుండి 1925 వరకు నలుపు రంగులో మాత్రమే అమ్మినది. 1920 దశకంలో అమెరికాలో డ్యూకో అనే నైట్రోసెల్యులోజు రంగు వచ్చి, స్ప్రేతో వేస్తే గంటలలో ఆరిపోసాగినది. మన దేశంలో స్ప్రే రంగును నేటికీ "డ్యూకో" అని పిలుచుట ఆ పేరు నుండి వచ్చినదే.

షెడ్డులో రంగు

దెబ్బ తిన్న కారును మరల కర్మాగారపు కొలిమిలో పెట్టలేము. అందులోని ప్లాస్టిక్కు, రబ్బరు, తీగలు కరిగిపోతాయి. అందువలన మరమ్మతుకు వాడే రంగు తక్కువ వేడిలోనే గట్టిపడాలి. దీనికై రంగులో హార్డెనరు అనే మరొక ద్రవాన్ని కలుపుతారు. రెండూ రసాయనికంగా కలిసి, 60 డిగ్రీల వేడిగదిలో అరగంటలోనో, బయట గాలిలో కొంత ఎక్కువ కాలానికో గట్టిపడతాయి. శ్రద్ధగా చేసినచో ఈ రంగు కర్మాగారపు రంగుకు ఏమాత్రం తీసిపోదు.

ఆ శ్రద్ధ ఎక్కడ ఉండాలి? హిందూపురంలో ఒక ఉస్తాద్‌ను ఈ ప్రశ్న అడిగినాను. ఆయన నవ్వి, "సార్, రంగు నేను వేసేది ఒక గంట. మిగిలిన మూడు రోజులూ రంగుకు ముందు పని" అన్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఆ మాటలో ఉన్నది.

సొట్టను ముందుగా సుత్తితోను, వెనుక డాలీ అనే ఇనుప దిమ్మెతోను సరిచేసి రేకును వీలైనంతవరకు పూర్వస్థితికి తేవాలి. మిగిలిన చిన్న హెచ్చుతగ్గులకే పుట్టీ. ఆ పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించరాదు. రేకును లేపకుండా సొట్టనంతా పుట్టీతో నింపితే పైకి నునుపుగానే కనపడుతుంది. కాని ఎండకు రేకు ఒక విధంగా, పుట్టీ మరొక విధంగా వ్యాకోచించి, కొన్నాళ్ళకు బీటలు వారుతుంది.

ఈ సూత్రం మనకు క్రొత్త కాదు. ధర్మవరంలో పట్టుకు రంగు అద్దేముందు నూలును సబ్బు, సోడా నీటిలో ఉడికించి జిగురును తొలగిస్తారు. ముడి పట్టు బరువులో సుమారు నాలుగింట ఒక వంతు ఆ జిగురే. అది పోనిదే రంగు సమంగా పట్టదు. హిందూపురానికి చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నవంటే, చిత్రకారుని చేతితో పాటు ఆ రంగుల క్రింద గోడను, కప్పును నునుపు చేసిన సున్నపు పూత పనివాని చేతిని కూడా తలచుకొనాలి.

లోపాలు, వాటి కారణాలు

రంగు ఉపరితలం కమలాపండు తొక్కవలె గరుకుగా ఉన్నచో, స్ప్రే గన్ను గాలి ఒత్తిడిగాని, థిన్నరు పాలుగాని తప్పినదని అర్థం. చారలుగా కారినచో ఒకేచోట ఎక్కువ రంగు పడినది. చిన్న గుంటలు పడినచో క్రింద నూనెగాని, పాలిషులోని సిలికానుగాని మిగిలి ఉన్నది. ఇసుక రవ్వవలె చేతికి తగిలేది దుమ్ము. ఆషాఢపు గాలులు వీచే మన ప్రాంతంలో ఆరుబయట రంగు వేసేవారికి ఇది తీరని బాధ.

పొక్కులకు మరొక కారణం మన నేలలోనే ఉన్నది. పుట్టీని నీటి కాగితంతో రుద్దేటప్పుడు బోరునీరు వాడతారు. ఆ నీటిలోని లవణాలు రేకుపై మిగిలిపోయి, వాటి మీద రంగు పడితే, అవి వానాకాలపు తేమను రంగు పొర గుండా లోనికి గుంజుకొంటాయి. నీరు చేరిన చోట పొర ఉబ్బుతుంది. చివరగా మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనిచ్చినచో ఈ నష్టం తప్పుతుంది. ఖర్చు రెండు బిందెల నీరు!

మెటాలిక్ రంగులలో అల్యూమినియం రేణువులుంటాయి. అవి ఒరిగిన తీరును బట్టి రంగు ఛాయ మారుతుంది. కనుక రంగు సంఖ్య సరిపోయినా ఛాయ కలియకపోవచ్చును. నేర్పరి అయిన పనివాడు ప్రక్క తలుపు మీదికి కూడా పలుచగా రంగును విస్తరింపజేసి, తేడా కంటికి తెలియకుండా చేస్తాడు.

మా చిన్నాయన కొన్నేళ్ళ క్రితం ఒక వాడిన కారు కొన్నారు. అద్దమువలె మెరుస్తున్నదని సంతోషించినారు. మరుసటి వానలకు తలుపు అడుగున పొక్కులు లేచినవి. గీకి చూడగా వ్రేలు మందాన పుట్టీ, దాని క్రింద జల్లెడవలె తుప్పు పట్టిన రేకు! ఆ తలుపు మార్చుటకు అయిన డబ్బు ఆయనకు రెండు నెలల సంపాదన.

ఇట్టి మోసాన్ని కొంతవరకు ముందే కనిపెట్టవచ్చును. పగటి వెలుతురులో కారు ప్రక్కగా నిలిచి, రేకుపై పడిన ప్రతిబింబం వంకరలు పోతున్నదేమో చూడండి. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఉక్కు రేకుపై ఆనించండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టదు. ప్లాస్టిక్కు బంపరు వద్ద ఈ పరీక్ష పనికిరాదు. రబ్బరు బీడింగులపై రంగు తుంపరలున్నవేమో, తలుపు మరల బోల్టుల రంగు చెదిరినదేమో గమనించండి. రంగు మందాన్ని కొలిచే యంత్రం దొరికితే మరీ మంచిది.

పనివాని ఊపిరి

రంగు నాణ్యతను గురించి మాట్లాడునప్పుడు సాధారణంగా మరచిపోయే విషయం మరొకటి ఉన్నది. హార్డెనరులో ఐసోసయనేటులనే రసాయనాలుంటాయి. 1984 డిసెంబరులో భోపాలులో వేలమందిని బలిగొన్న వాయువు ఈ కుటుంబానికి చెందినదే. హార్డెనరులోని పదార్థం వేరు, దాని తీవ్రత కూడా వేరు. అయినను స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపరలను పీల్చుట వలన ఉబ్బసం రావచ్చును. ఒకసారి దేహానికి అది పడకుండాపోతే, ఆపైన స్వల్ప మాత్రం సోకినా ఊపిరి బిగబట్టుతుంది. ఆ మనిషి ఆ వృత్తినే వదులుకొనవలసి వస్తుంది.

మన షెడ్లలో పనివారు ముక్కుకు కట్టుకొనేది చేతిరుమాలు. అది దుమ్మును కొంత ఆపగలదే గాని ఈ రసాయనాన్ని ఆపలేదు. వాసన లేదు గనుక ప్రమాదం లేదనుట కూడా పొరపాటు. హాని కలిగించేంత ఉన్నను దాని వాసన తెలియకపోవచ్చును. గొట్టం ద్వారా మంచి గాలిని అందించే ముసుగు, చేతితొడుగులు, గాలిని బయటికి లాగే పంకా ఈ పనికి అత్యవసరం. థిన్నరుతో చేతులు కడుగుకొను అలవాటును కూడా మానాలి.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరి అన్నలు, చిన్నాన్నలు ఈ షెడ్లలోనే ఉస్తాద్‌లుగానో షాగిర్దులుగానో ఉన్నారు. మీరు తరగతిలో చదివే రసాయన శాస్త్రమే వారి చేతిలోని డబ్బాలోనూ ఉన్నది. ఇంటికి వెళ్ళి ఈ నాలుగు మాటలు వారికి చెప్పండి. కళాశాల కమిటీ పెద్దలు సంవత్సరానికొకసారి ఈ పనివారిని పిలిపించి, ముసుగు వాడే తీరును మన ప్రయోగశాలలో చూపించినచో అది గొప్ప సేవ అవుతుంది.

చివరగా కొనుగోలుదారులమైన మనకొక మాట. మూడు రోజుల పనికి ఒక గంట కూలి ఇస్తామని బేరమాడేది మనమే. పుట్టీతో కప్పిపుచ్చినారని నిందించేదీ మనమే. కంటికి కనపడని పనికి విలువ కట్టనంతకాలం కంటికి కనపడే మెరుపే మనకు దక్కుతుంది. ఈసారి కారు బాగుచేయించునప్పుడు "రంగు ఎంత?" అని అడుగుటకు ముందు "రేకు పని ఎన్ని రోజులు?" అని అడగండి.