పాపం పేరు ఏదెను తోటలో వినిపించలేదు

ఆదికాండం నాలుగో అధ్యాయంలో ఒకడు ఊరు కడతాడు, ఇంకొకడు ఇనుము కొడతాడు. ఊరు కట్టినవాడు తమ్ముణ్ణి చంపిన కయీను. ఇత్తడితో, ఇనుముతో పనిముట్లు చేసినవాడు అదే వంశంలో పుట్టిన తూబల్కయీను. ఇనుము కోసమే వెలసిన జంషెడ్‌పూర్‌లో కూర్చుని ఈ అధ్యాయం చదివితే ఎవరికైనా అనుమానం రావాలి: మన ఊరూ మన పనీ రెండూ శాపం తగిలిన ఇంటి నుంచే వచ్చాయా అని.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తాతల కాలంలో ‘టాటా’ వెళ్లిపోయిన కుటుంబాలు సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య స్థిరపడి తరాలు గడిచాయి. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, క్రైస్తవులైతే ఆదివారం తెలుగు బైబిలు. అందులోనూ చదివింది తక్కువ, విన్నది ఎక్కువ. సండేస్కూలు గోడల మీది బొమ్మలు, క్రిస్మస్ నాటకాలు, పక్కింటివాళ్ల వ్యాఖ్యానాలు కలిసి ఆదికాండం మీద మందంగా పేరుకుపోయాయి. కింద అసలు ఏముందో చూపిస్తే ఏళ్ల తరబడి గుడికి వెళ్లేవాళ్లే నమ్మరు.

చిన్నవి ముందు తేల్చేద్దాం. ఏదెను తోటలో తిన్న ఆ పండు ఆపిల్ అని బైబిలు ఎక్కడా చెప్పదు. ఏ చెట్టో చెప్పకుండా వదిలేసింది కాబట్టే యూదు పండితులు అంజూరమని, ద్రాక్ష అని, గోధుమ అని కూడా వాదించుకున్నారు. తొలి పాపం స్త్రీపురుషుల కలయిక అనేది ఇంకా పెద్ద పొరపాటు. పిల్లల్ని కనండి, భూమిని నింపండి అన్న ఆశీర్వాదం మొదటి అధ్యాయంలోనే ఉంది, పండు కథ మూడోదాంట్లో. సర్పమే సాతాను అని ఆదికాండం అనదు. అది క్రైస్తవ బోధే, కానీ అలా ముడిపెట్టింది ప్రకటన గ్రంథం. ఇక తప్పంతా హవ్వదే అనేవాళ్లు ఒక్క వాక్యం దాటేస్తారు: ఆమె పండు ఇచ్చినప్పుడు భర్త పక్కనే ఉన్నాడు, అడ్డు చెప్పకుండా తిన్నాడు. పౌలు రోమీయులకు రాసినప్పుడు ఆదాము పేరే ఎత్తాడు.

అపోహ: తోటలో దేవుడు ఆదాము హవ్వలను శపించాడు.

శపించింది సర్పాన్ని, నేలను. ఆ ఇద్దరికీ ప్రసవవేదన, చెమట, మరణం, బహిష్కారం దక్కాయి. ఇవి చిన్న శిక్షలేం కావు, అయినా శపింపబడ్డావు అన్న మాట వాళ్ల మీద పడలేదు. వెళ్లగొట్టే ముందు వాళ్లకు చర్మపు బట్టలు కూడా తొడిగాడు. బైబిల్లో దేవుడి నోట శాపం విన్న మొదటి మనిషి కయీను.

దీనికంటే ఆశ్చర్యం ఒకటుంది. తోట కథ మొత్తంలో పాపం అన్న మాటే లేదు. అవిధేయత ఉంది, సిగ్గు ఉంది, దాక్కోవడం ఉంది, నేరం పక్కవాళ్ల మీదకు నెట్టడం ఉంది. పాపం పేరు పెట్టి మొదటిసారి వినిపించేది నాలుగో అధ్యాయంలో, కయీను తెచ్చిన అర్పణను దేవుడు లక్ష్యపెట్టనప్పుడు. అది గుమ్మం దగ్గర కాచుకుని ఉందని, దాన్ని అణచుకోవాల్సింది నువ్వేనని హెచ్చరిస్తాడు. అంటే దేవుడికి కానుక తెచ్చినవాడి ఎదుటే పాపం పొంచి ఉంది. భక్తి చేస్తే పాపం పోతుందనుకునేవారికి ఇది మింగుడు పడని వరుస. నా మటుకు ఈ పుస్తకమంతటిలో ఇంత నిర్దాక్షిణ్యంగా నిజం చెప్పిన చోటు మరొకటి లేదు.

అపోహ: కయీను పంట తెచ్చాడు, రక్తం లేదు గనుక దేవుడు కాదన్నాడు.

ప్రసంగాల్లో తరచూ వినబడేది ఇదే. వాక్యంలో మాత్రం అలా లేదు. అన్నదమ్ములిద్దరి కానుకకూ మూలభాషలో ఒకటే పేరు. ధాన్యం నచ్చని దేవుడైతే లేవీయకాండం రెండో అధ్యాయమంతా పిండి, నూనె, సాంబ్రాణి నైవేద్యాలకు కేటాయించడు. అంతకన్నా గట్టి సాక్ష్యం అదే పుస్తకం అయిదో అధ్యాయంలో ఉంది. గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవీ కొనలేని పేదవాడు ఏఫాలో పదో వంతు, అంటే సుమారు రెండు లీటర్ల మెత్తని పిండి తెస్తే చాలు. అది మామూలు కానుక కూడా కాదు, పాపపరిహారార్థ బలి. ఆ పిండితోనే అతనికి క్షమాపణ. రక్తం చిందకుండా క్షమాపణ లేదన్న హెబ్రీ పత్రిక కూడా అదే చోట, సాధారణంగా చెప్పాలంటే అని జాగ్రత్తపడింది. క్రీస్తు రక్తం గురించిన బోధకు ఆధారం ఆ పత్రికలో ఉంది. దాన్ని పట్టుకొచ్చి కయీను పొలంలో పాతనక్కర్లేదు.

మరి తేడా ఎక్కడ? తమ్ముడు హేబెలు తొలిచూలు పిల్లల్ని, వాటిలో కొవ్విన వాటిని తెచ్చాడు. కయీను గురించి ‘పంటలో కొంత’ అన్నట్టు చెప్పి ఊరుకుంది కథ, తొలిపంట అనలేదు. పైగా దేవుడు లక్ష్యపెట్టింది హేబెలును, అతని అర్పణను: మనిషి ముందు, కానుక తర్వాత. హెబ్రీ పత్రిక విశ్వాసమని, యోహాను మొదటి పత్రిక కయీను క్రియలు చెడ్డవని కారణం చెప్పాయి. పల్లెల్లో కోత పండుగకు ధాన్యం బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు గుడికి తెచ్చి వేలం వేసేవాళ్లు, కంపెనీ ఊరికొచ్చాక ప్రథమ ఫలమని మొదటి జీతం కవరులో పెట్టేవాళ్లు, రక్తం లేదని బెంగపడాల్సిన పని లేదు. కవరు వేసిన చేతిని కూడా దేవుడు చూస్తాడన్న బెంగ మాత్రం ఉండాలి.

కయీను గుర్తు గురించి రెండు ముక్కలు. అతన్ని ఎవరూ చంపకుండా కాపాడటానికి వేసిన గుర్తు అది. దాన్నే నల్లని చర్మమని బోధించి అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించుకున్నారు. ఇంతకన్నా సిగ్గుమాలిన వ్యాఖ్యానం దొరకదు.

అపోహ: నగరం, ఇనుము కయీను సంతానం కనుక అవి శాపగ్రస్తమైనవి.

ఇప్పుడు మొదటి అనుమానానికి వద్దాం. తూబల్కయీనుకు అన్నలున్నారు. ఒకడు యాబాలు, గుడారాల్లో ఉండి పశువుల్ని పెంచేవాళ్లకు మూలపురుషుడు. రెండోవాడు యూబాలు, సితారాకు, సన్నాయికి ఆద్యుడు. వంశం చూసి ఇనుమును తోసిపుచ్చితే గుడిలో హార్మోనియం కూడా మూసెయ్యాలి, గేదెనూ తోలెయ్యాలి. ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయంలో వాగ్దాన దేశపు సంపదల పట్టిక ఉంది. గోధుమలు, ద్రాక్షలు, తేనెతో పాటు అక్కడి రాళ్లే ఇనుమని గొప్పగా చెబుతుంది. నోవాముండి గనుల ఎర్రమట్టి చూసినవాళ్లకు ఆ వర్ణన వెంటనే కళ్లకు కడుతుంది. బలిపీఠపు రాళ్లకు మాత్రం ఇనుప పనిముట్టు తగలకూడదన్నాడు మోషే. ఇనుము మేలే, కానీ దానికి హద్దుంది.

ఇక్కడి నేలకు ఇనుము గురించి తన సొంత కథ కూడా ఉంది. రాత్రింబగళ్లు కొలిమి ఆపకుండా ఇనుము కరిగించిన అసురుల పొగకు, సెగకు తాళలేక దేవుడు సింగ్‌బొంగా వాళ్లను శిక్షించాడని ముండాలు చెప్పుకుంటారు. ఈ కథను నమోదు చేసిన శరత్ చంద్ర రాయ్ ముండాల మీద పుస్తకం ప్రచురించింది 1912లో. తర్వాత జంషెడ్‌పూర్‌గా మారిన సాక్చిలో మొదటి ఉక్కు దిమ్మె వచ్చిందీ ఆ ఏడాదే. ఆ కథలోనూ కోపం లోహం మీద లేదు, ఎంత చెప్పినా ఆపనివాళ్ల మీద.

అపోహ: దేవుడి ఆరాధన మొదటి నుంచీ గోడల మధ్యే.

ఆదికాండంలో ఒక్క ఆలయం లేదు. ఎనోషు కాలంలో జనం యెహోవా నామాన ప్రార్థించడం మొదలుపెట్టారు, పూజారి ప్రసక్తే లేదు. అబ్రాహాము కనానులో మొదట బలిపీఠం కట్టింది మోరేలో సింధూర వృక్షం దగ్గర, తర్వాత హెబ్రోనులో మమ్రే వనం దగ్గర. బెయేర్షెబాలో తానే పిచుల వృక్షం నాటి అక్కడ ప్రార్థించాడు. సింగ్‌భూమ్ పల్లెల్లో సంతాలుల జాహేర్, సాల చెట్ల నీడన గోడల్లేని పవిత్ర స్థలం, చూసి పెదవి విరిచే క్రైస్తవులు ఈ అధ్యాయాలు ఒకసారి తిరగేయాలి. రెండూ ఒకటేనని నేననను. అబ్రాహాము మొక్కింది చెట్టుకు కాదు, పైగా ద్వితీయోపదేశకాండం తర్వాత బలిపీఠం పక్కన చెట్టు నాటొద్దనే అంటుంది. చెట్టు కింద నిలబడి దేవుణ్ణి పిలవడం మాత్రం ఆ పుస్తకానికి కొత్తేమీ కాదు.

జలప్రళయం పాపాన్ని కడిగేసిందన్నదీ పొరపాటే. వాన మొదలవకముందు మనిషి హృదయం గురించి దేవుడు అన్న మాటనే, నోవహు బలి పొగ పైకి లేచాక మళ్లీ అన్నాడు: చిన్ననాటి నుంచీ అది చెడ్డదేనని. అప్పటికి మిగిలింది ఎనిమిది మందే, వాళ్లలోనూ మార్పేమీ లేదు. మారింది దేవుడి తీర్మానం: ఇక నేలను శపించనన్నాడు.

మిగిలింది జన్మపాపం. ఆదాము దోషం పుట్టుకతోనే బిడ్డకు అంటుతుందన్న సిద్ధాంతానికి రూపమిచ్చింది హిప్పోకు చెందిన అగస్టీను (354–430), పౌలు మాటల ఆధారంగా. యూదులు దీన్ని ఒప్పుకోరు. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు మరణం వారసత్వంగా వచ్చిందంటాయి, నేరం కాదంటాయి. తండ్రి దోషం కొడుకు మొయ్యడని యెహెజ్కేలు ఎప్పుడో తేల్చాడు. అయినా కార్ఖానాలో ఎవరికైనా చెయ్యి తెగితే, ఏ పాపం చేశాడో అనే నోళ్లు అన్ని మతాల ఇళ్లల్లోనూ ఉంటాయి. యేసు దగ్గర ఇలాంటి ప్రమాదమే ప్రస్తావనకు వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్నవాళ్లందరికంటే వాళ్లు ఎక్కువ నేరస్థులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. ఆ వెంటనే, మారుమనస్సు పొందాల్సింది ఈ మాట వింటున్న మీరేనని అన్నాడు.