అంతిమ సంస్కారం: ముందుగా వ్రాసి ఉంచవలసిన సంగతులు

వివాహానికి నెలల ముందునుంచే సన్నాహాలు చేసే మనం, అంత్యేష్టి మాట ఎత్తితే అమంగళమని వారిస్తాము. సంస్కారాలలో చివరిది అదే కదా! ఆ గడియ వచ్చిన తరువాత దుఃఖంలో ఉన్నవారికి తలా ఒక సలహా చెబుతారు. పోయినవారు ఏమి కోరుకున్నారో అడిగే వ్యవధి ఉండదు. అందుచేత డెబ్బై దాటిన నేను ఈ మధ్య ఒక కాగితం వ్రాసి పిల్లలకు చదివి వినిపించాను.

అందులో మొదట ఉన్నవి పేర్లు. పూర్వం సంవత్సరాంతంలో జరిగే సపిండీకరణం నేడు సాధారణంగా పన్నెండవనాడు జరుగుతున్నది. ఆనాడు పోయినవారి పిండాన్ని మూడు భాగాలు చేసి పైతరాల మూడు పిండాలలో కలుపుతారు. అంతవరకు ప్రేతమని వ్యవహరింపబడిన జీవుడు అప్పటినుంచి పితృదేవతలలో చేరుతాడు. తండ్రికైతే తాత, ముత్తాత, వారి తండ్రి. తల్లికైతే ఆమె అత్తగారి వరుసలోని స్త్రీలు. గోత్రంతో పాటు ఈ పేర్లన్నీ కావాలి. మా నాన్నగారి నాయనమ్మ పేరు మా వంశంలో నేడు నాకొక్కడికే తెలుసు. నాతోనే ఆ పేరు పోకూడదు.

తరువాతిది నేత్రదానం. మరణించిన ఆరు గంటలలోపు జరగాలి. కనురెప్పలు మూసి తడి దూది ఉంచి, ఫ్యాను ఆపి, నేత్రనిధికి కబురు చేయాలి. శుక్లాల శస్త్రచికిత్స జరిగినవారూ ఇవ్వవచ్చు.

కుమారుడు విదేశంలో ఉన్నాడు. అతడు అందుకోలేకపోతే దేహాన్ని రోజుల తరబడి ఉంచవద్దనీ, కుమార్తె తలకొరివి పెట్టాలనీ వ్రాశాను. దీనికి సమ్మతించని బంధువులున్నారు, పురోహితులలోనూ ఏకాభిప్రాయం లేదు. కనుక మా పురోహితులవారితో ముందే మాట్లాడి ఒప్పించుకున్నాను. ఆ వాదం పాడె ముందు జరగడం నాకిష్టం లేదు.

దానాలు యథాశక్తి చాలు. అప్పు చేసి దశదానాలు ఇవ్వనక్కరలేదు. అస్థికలు రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవున కలపమన్నాను. కాశీ గొప్పదే, కాని నేను ఈత నేర్చినది గోదావరిలో. పదమూడవనాటి భోజనంలో తీపి గుమ్మడి పులుసు తప్పక ఉండాలన్నది నా భార్య చేర్పించిన మాట. అది తన వంతుకట! పిల్లలు నవ్వారు, వ్రాసుకున్నారు కూడా.

కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయలేదు. పూజగదిలో పంచాంగం పక్కన ఉంచాను. ఆ వేళకు ఎవరైనా మొదట వెదికేది పంచాంగమే.