అత్తయ్యగారి కుందులు వెండివేనా?

మా అత్తయ్యగారి పెళ్ళినాటి కుందుల జత మా దేవుడి గదిలో ఉంది. ఈమధ్య అమ్మాయి కాలేజీ ఫీజుకి అవి అమ్ముదామా అన్న మాట వచ్చింది. తోమేటప్పుడు అడుగున పసుప్పచ్చగా కనబడటంతో నాకు అనుమానం! గీటురాయి మీద గీయిద్దామంటే అత్తయ్యగారు ఒప్పుకోరు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంటర్మీడియట్‌లో చదివిన విశిష్టోష్ణం.

ఏమీ లేదండీ, ఒక్కో లోహం వేడెక్కడానికి ఒక్కో లెక్క. నీటిది 1 అనుకుంటే అల్యూమినియానిది 0.215, ఇనుముది 0.11, రాగిది 0.092, వెండిది 0.056 మాత్రమే. అణువు ఎంత బరువైతే ఈ అంకె అంత తగ్గుతుందని 1819లోనే డ్యూలాంగ్, పెటిట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చెప్పారు.

కుందులు రెండూ కలిపి 190 గ్రాములు తూగాయి. సరిగ్గా అంతే బరువు నీళ్ళు థర్మోకోల్ గ్లాసులో పోశాను. స్టీలు గ్లాసైతే వేడి అదే లాగేసుకుంటుంది. కుందులకి దారం కట్టి మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, పైకి తీసి, తడి విదిలించి, చటుక్కున గ్లాసులోకి దించాను. థర్మామీటరు అమ్మాయి తెచ్చిన ల్యాబుది. జ్వరం చూసేది పొరపాటున కూడా వాడకండి, అది 42 డిగ్రీలు దాటితే పనికిరాదు. లోపల లక్క నింపిన సామానుతోనూ ఈ పని పెట్టుకోవద్దు. లక్కా కరుగుతుంది, లెక్కా తప్పుతుంది.

నీళ్ళు మొదట 30 డిగ్రీలు. వెండైతే 34 దగ్గర ఆగాలి. మెల్లగా కలుపుతూ చూస్తుంటే 34 దాటింది, 35 దాటింది, 36 దగ్గర నిలిచింది! నా గుండె జారిపోయింది. నీళ్ళు 6 డిగ్రీలు ఎక్కాయి, కుందులు 100 నుంచి 64 డిగ్రీలు దిగాయి. బరువులు సమానం కాబట్టి 6ని 64తో భాగిస్తే చాలు, 0.094.

అంటే వెండి కాదు. రాగి, ఇత్తడి, జర్మన్ సిల్వర్ మూడూ ఇంచుమించు ఇదే అంకె దగ్గరుంటాయి గనక వాటిలో ఏదో ఈ పద్ధతిలో తేలదు. తెల్లగా ఉన్నాయి కాబట్టి జర్మన్ సిల్వరో, ఇత్తడి మీద వెండి పూతో అయ్యుంటుంది. పేరులో సిల్వరే గానీ జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపి చేస్తారు.

ఫీజుకి నా గాజులు వెళ్ళాయి. అత్తయ్యగారికి మాత్రం చెప్పలేదు. ఆవిడకి చూపు ఆనదు, ఇది చదవరులెండి. గురువారం సాయంత్రం ఎప్పటిలాగే చింతపండు పెట్టి ఆ కుందులు తోముతున్నాను.